మా రోజుల్లో సీసం కంటికి కనపడేది

నర్సీపట్నంలో ఇప్పుడు ఏ వీధిలోకి పోయినా రంగులే. గేటుకు పసుపుపచ్చ, కిటికీ గ్రిల్లుకు నారింజ, మేడమీద కమ్మీలకు చిలకాకుపచ్చ. పిల్లవాడి చేతిలో బొమ్మకు ఉన్న రంగులన్నీ. కిరాణా కొట్లో పసుపు చూస్తే కళ్ళు జిగేలుమంటాయి. మా రోజుల్లో ఇన్ని రంగులు లేవు. గోడకు సున్నం, అందులో చిటికెడు నీలిమందు. గడపకు పసుపూ కుంకుమా. వాకిట్లో పేడనీళ్ళ కళ్ళాపి మీద బియ్యప్పిండి ముగ్గు. ఆ ఇళ్ళు వెలవెలబోతూ ఉండేవని మా కోడలు అంటుంది. ఉండనీ. ఆ వెలవెలలో విషం తక్కువ.

ఈ మాట ఊరికే అనడం లేదు. నేను సీసం పట్టుకుని బతికిన మనిషిని. ఆఫ్‌సెట్టూ కంప్యూటరూ రాకముందు ఈ ఊళ్ళో అచ్చు అంటే ట్రెడిల్ మిషను, దాని పక్కన చెక్క కేసులు, కేసుల గళ్ళలో సీసపు అక్షరాలు. తెలుగుకు గుణింతాలూ వత్తులూ కలిపి కొన్ని వందల గళ్ళు. ఎడమ చేతిలో కంపోజింగ్ స్టిక్కు ఉంటే, ఏ గడిలో ఏ అక్షరం ఉందో కుడిచేతి వేళ్ళకు చూడకుండానే తెలియాలి. పెళ్ళిళ్ళ రోజుల్లో శుభలేఖలు, జాతర్లకు కరపత్రాలు, కొట్లకు బిల్లు పుస్తకాలు. చింతపల్లి నుంచీ కొయ్యూరు నుంచీ కూడా అచ్చుపనికి నర్సీపట్నమే దిగేవారు. ఆ అక్షరాల్లో ఎక్కువ పాలు సీసం, కాస్త తగరం, కాస్త ఆంటిమొనీ. సాయంత్రమయ్యేసరికి బొటనవేలూ చూపుడువేలూ నల్లగా మెరిసేవి.

నేను పనిచేసిన ప్రెస్సుకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. కేసుల దగ్గర అన్నం తినకూడదు. బీడీ ముట్టించకూడదు. చేతులు చింతపండుతో తోముకోనిదే క్యారేజీ మూత తియ్యకూడదు. ఒక్క అక్షరం ముక్క కూడా జేబులో వేసుకుని ఇంటికి పోకూడదు. పిల్లల్ని లోపలికి రానివ్వకూడదు. యజమాని చదువుకున్న మనిషి కాదు గానీ ఈ విషయంలో రాయిలాంటివాడు. సాయంత్రం అందరికీ ఒక అరటిపండూ ఇంత బెల్లం ముక్కా ఇచ్చేవాడు, సీసాన్ని అవి కడిగేస్తాయని నమ్మకం. బెల్లం సీసాన్ని కడగదు. చేతులు కడుక్కోమన్న మాట మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం.

మాకంటే పెద్ద కంపోజిటరు ఒకాయన ఉండేవాడు. చిగుళ్ళ అంచున సన్నటి నీలపు గీత. కడుపు మెలిపెట్టి నేలమీద దొర్లేవాడు. చివరకు కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయింది, స్టిక్కు ఎత్తలేకపోయాడు. విశాఖపట్నంలో డాక్టరు చూసి, ఏం పని చేస్తావయ్యా అని ఒక్క ప్రశ్న అడిగి, సీసం అని తేల్చేశాడు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే సీసం విషాన్ని ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో రాసి పెట్టారు. అంటే ఈ సంగతి దేశానికి కొత్త కాదు. సీసం ఎక్కడుందో తెలిసిన చోట భయం ఉండేది, భయం ఉన్న చోట కట్టుబాటు ఉండేది.

ఇప్పుడు సీసం ప్రెస్సులో లేదు. ఇంట్లో ఉంది. కట్టుబాటు మాత్రం ఎక్కడా లేదు. నా గొడవంతా ఇదే.

మా కాలం స్వచ్ఛమని బొంకడం నాకు ఇష్టం లేదు. తాండవ నది మీద చేపలు పట్టేవాళ్ళు విసురువల అంచుకు సీసం గుళ్ళు కట్టి, పళ్ళతో కొరికి నొక్కేవాళ్ళు. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్ళలో కొందరు తగరం ఖరీదని దాంట్లో సీసం కలిపేవాళ్ళు. పెట్రోలు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంజను కొట్టుకోకుండా ఉండాలని అందులో సీసం కలిపారు, 1920ల్లో అమెరికాలో మొదలై లోకమంతా పాకింది. మన దేశంలో అది పూర్తిగా పోయింది 2000 ఫిబ్రవరిలో. ప్రపంచంలో ఆఖరి దేశం అల్జీరియా 2021లో మానింది. మంచిని మంచి అనాలి: ఈ ఒక్క విషయంలో ఈ కాలం మా కాలాన్ని మించింది. బజారులో ఈనాటి గాలి పీల్చే పసివాడి ఒంట్లోకి ఆ దారిన సీసం పోవడం లేదు. అయితే సీసానికి చావు లేదు. కుళ్ళదు, మాయం కాదు. మా ప్రెస్సు అక్షరాలు కూడా కిలోల లెక్కన పాత సామాన్ల వాడి తక్కెట్లోకే పోయాయి. అక్కణ్ణుంచి ఏ మూసలో కరిగి ఏ ఇంటికి తిరిగొచ్చాయో ఎవరు చెప్పగలరు?

ముందు గోడల సంగతి. పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ ఎనామిల్ రంగులకు ఆ మెరుపు వచ్చేది చాలాసార్లు సీసం కలిసిన పొడులవల్లే. త్వరగా ఆరాలన్నా, తుప్పు పట్టకూడదన్నా కూడా దాన్నే కలిపేవారు. అమెరికా ఇళ్ళ రంగుల్లో సీసాన్ని 1978లోనే నిషేధించింది. మన దగ్గర 2016లో నియమాలు వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇళ్ళకూ అలంకరణకూ వాడే రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. దాటకూడదు, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు. డబ్బా మీద ఆ మాట రాయాలి కూడా. మంచి నియమమే. కానీ 2017కు ముందు వేసిన రంగు ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. కొత్త కోటింగు కింద అలాగే ఉంది. పైగా ఆ నియమం పరిశ్రమల రంగులకు వర్తించదు. వెల్డింగు షాపులో గేటుకు ఏ డబ్బా రంగు కొడుతున్నారో అడిగే ఇల్లు మా వీధిలో ఒక్కటీ లేదు.

సంక్రాంతి ముందు చూడండి. పెయింటరు కుర్రాడు వస్తాడు, పొడి గరుకు కాగితం పెట్టి కిటికీలు బరబరా రుద్దుతాడు. ఆ దుమ్ము వరండా అంతా పరుచుకుంటుంది. అదే వరండాలో పాకే బిడ్డ, అదే దుమ్ములో అరిచెయ్యి పెట్టి, ఆ చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. పెద్దల కంటే పసివాళ్ళ పేగులు సీసాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మా ప్రెస్సులో చీపురు పట్టేముందు నీళ్ళు చల్లేవాళ్ళం. ఆ తెలివి ఇప్పుడు ఏమయింది? పాత రంగు తియ్యాలంటే తడిపి తియ్యాలి. చిన్నపిల్లల్నీ కడుపుతో ఉన్న ఆడపిల్లనూ ఆ రెండు రోజులూ వేరే ఇంటికి పంపాలి. రాలిన పెచ్చులు గోనె మీద పట్టి, మూట కట్టి పారేయాలి, పెరట్లో మొక్కల పాదుల్లో పోయకూడదు. తర్వాత చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి, ఆ నీళ్ళు మార్చి మళ్ళీ తుడవాలి. పెచ్చులు లేవకుండా గట్టిగా ఉన్న పాత రంగు జోలికి పోనవసరం లేదు. దాని మీదే మంచి రంగు వేసుకోవచ్చు.

ఇక పసుపు. దీని గురించి చెప్పాలంటే నాకు కోపం ఆగదు. మన్యం పసుపు దిగే దారిలో ఉన్న ఊరు మనది. పాడేరు, చింతపల్లి వైపు గిరిజనులు పండించిన కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, సంతకు తెచ్చేవారు. పైకి మట్టిరంగులో, ముడతలు ముడతలుగా ఉండేవి. విరిస్తే లోపల నారింజ పసుపు. వాటిని ఇంట్లోనే రోట్లో దంచి, జల్లెడ పట్టి, జాడీకి ఎత్తుకునేవాళ్ళం. వాసన వీధి చివరికి వచ్చేది. ఈమధ్య ఒక కొట్టాయన్ని, ఆ కొమ్ములు పెట్టడం లేదేమయ్యా అని అడిగాను. "బాబాయ్‌గారూ, రంగు లేని పసుపు ఎవరు కొంటారండీ" అన్నాడు. తప్పు అతనిది కాదు. కొనేవాడి కంటికి రంగు పిచ్చి పట్టింది.

ఆ రంగు పిచ్చి ఎక్కడిదాకా పోతుందో బంగ్లాదేశ్ చూపించింది. 1980ల్లో వరదలకు పసుపు తడిసి కొమ్ములు నల్లబడితే, వాటికి మెరుపు తేవడానికి లెడ్ క్రోమేట్ పుయ్యడం మొదలుపెట్టారు. ముందు చెప్పిన పసుపుపచ్చ ఎనామిల్లో ఉండే పొడే అది. వానలు పోయినా అలవాటు పోలేదు. గర్భిణుల రక్తంలో సీసం ఎక్కణ్ణుంచి వస్తోందా అని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు వెతుక్కుంటూ పోతే 2019లో పసుపు డబ్బా దగ్గర తేలింది. అక్కడి ప్రభుత్వం వెంటనే కదిలింది. టోకు బజారుకు పరీక్ష యంత్రం పట్టుకెళ్ళింది, కల్తీ చేసినవాళ్ళకు జరిమానాలు వేసింది, పత్రికల్లో హోరెత్తించింది. 2019లో నూటికి 47 నమూనాల్లో సీసం ఉంటే, 2021కి ఒక్కదాంట్లోనూ లేదు. ఇది చేతనయ్యే పని అని దీనర్థం. మన వైపు? 2024లో అచ్చయిన ఒక అధ్యయనం భారత్, పాకిస్తాన్, నేపాల్, శ్రీలంకల్లో 23 నగరాల పసుపు పరీక్షించింది. పాట్నా నమూనాల్లో గ్రాముకు 1,000 మైక్రోగ్రాములు దాటిన సీసం కనపడింది. మన చట్టం ఒప్పుకునేది 10. మన్యం పసుపులో కలుపుతున్నారని నేను అనడం లేదు. ఎవరూ పరీక్షించకుండా లేదని ఎలా అంటారనే నా ప్రశ్న.

ఇంట్లో చేసుకునే చిన్న పరీక్ష ఒకటుంది, ఆహార భద్రతా సంస్థే చెప్పింది. గాజు గ్లాసులో నీళ్ళు పోసి పసుపు కొమ్ము వెయ్యండి. మంచి కొమ్ము రంగు వదలదు. పూత పూసిన కొమ్ము వెంటనే నీళ్ళను పచ్చగా చేస్తుంది. పొడి అయితే చెంచాడు నీళ్ళ మీద వెయ్యండి. మంచిది కిందికి దిగుతూ లేతపసుపు వదులుతుంది. రంగు కలిసినది ముదురు పచ్చగా నీళ్ళంతా పాకుతుంది. ఇది మోటు పరీక్ష. కొద్దిగా ఉన్న సీసాన్ని పట్టలేదు. అందుకే కొమ్ములు కొనుక్కుని మరపట్టించుకోమని అంటాను. ఆ పని ఏడాదికి ఒకసారిది, అరపూట పోతుంది.

కుంకుమ కూడా ఇంట్లోనే చేసేవారు. పసుపు కొమ్ముల్ని నిమ్మరసంలో పటికా వెలిగారమూ వేసి నానబెట్టి, నీడన ఆరబెట్టి దంచితే ఎర్రటి కుంకుమ. అందులో సీసానికి చోటు లేదు. ఇప్పుడు పొట్లాల్లో వచ్చేది ఏమిటో ఎవరికి తెలుసు? అమెరికాలో రట్గర్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2017లో సిందూరం నమూనాలు పరీక్షిస్తే, అక్కడ కొన్నవాటిలో 83 శాతం, మన దేశంలో కొన్నవాటిలో 78 శాతం గ్రాముకు కనీసం ఒక మైక్రోగ్రాము సీసం చూపించాయి. కొన్నిట్లో చాలా ఎక్కువ. ఆంజనేయస్వామికి పూసే నారింజ సింధూరానికి కొన్నిచోట్ల వాడేది అచ్చంగా ఎర్ర సీసమే. స్వామి ఒంటికి ఉంటే ఉండనివ్వండి. నుదుట పెట్టుకున్న వేలితో ప్రసాదం తినకండి, పసిపిల్ల నుదుట పెట్టకండి. కాటుక మా అమ్మ ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి మసి పట్టి చేసేది. ఊరూ పేరూ లేని సుర్మా డబ్బాల్లో ఉండేది చాలాసార్లు సీసపు రాయి పొడి. పసివాళ్ళ కళ్ళకు అసలేమీ పెట్టవద్దనే డాక్టర్ల మాట. ఆ మాటే వినండి.

మా అమ్మాయి అమెరికాలో సియాటిల్ దగ్గర ఉంటుంది. మనవరాలికి ఏడాది నిండినప్పుడు అక్కడి పిల్లల డాక్టరు మామూలు పరీక్షల్లో భాగంగా రక్తంలో సీసం పరీక్ష రాశాడు. రాసి ఊరుకోలేదు. పసుపు ఎక్కడిది, కుంకుమ పెడతారా, కాటుక పెడతారా, మీ దేశం నుంచి తెచ్చిన గిన్నెల్లో వండుతారా అని వరసగా అడిగాడు. ఫోనులో ఇది విని నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. మన వంటింటి గురించి అడగాలని ఎక్కడో సముద్రాల అవతల ఒక డాక్టరుకు తోచింది. ఇక్కడ నా ఎరికలో ఏ తల్లినీ ఏ డాక్టరూ ఆ ప్రశ్నల్లో ఒక్కటీ అడగలేదు.

ఆ గిన్నెల ప్రశ్న వెనక పెద్ద కథే ఉంది. సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ ఆరోగ్య విభాగం వలస వచ్చిన పిల్లల రక్తంలో సీసం ఎందుకు ఎక్కువగా ఉందా అని వెతికితే దక్షిణాసియా నుంచి వచ్చిన అల్యూమినియం సామాన్లు దొరికాయి. 2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఇండాలియం, హిండాలియం అని అమ్మే కొన్ని గిన్నెల నుంచి సీసం ఊరుతోందని దేశమంతటికీ హెచ్చరిక చేసింది. మనం సిల్వర్ గిన్నెలంటాం. మా రోజుల్లో పులుసంటే మట్టి దాక. ఎందుకని అడిగితే, సిల్వర్లో పులుపు వేస్తే అది గిన్నెను తినేస్తుందనేవారు. సరిగ్గా అదే జరుగుతుంది. పాత ఇంజను ముక్కలూ, తుక్కూ, ఏదేదో కలిపి కరిగించి పోసిన గిన్నెలో సీసం ఉంటే, చింతపండు దాన్ని బయటికి లాగుతుంది. అడుగంటిందని పీచుతో బరికినప్పుడల్లా ఇంకొంచెం. మన ఇళ్ళలో పులుపు లేని పూట లేదు. పులుసూ, చారూ, టమాటా పప్పూ స్టీలు గిన్నెలోకి మార్చండి. ఊరగాయ సంగతి మనవాళ్ళకు చెప్పనక్కర్లేదు, అది ఎప్పుడూ జాడీదే. జాడీకి లోపల రంగు పువ్వులు ఉంటే మాత్రం వద్దు.

బ్యాటరీల గురించి ఎవరూ పట్టించుకోరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేకుండా చేశాక మా వీధిలో ఇంటింటికీ ఇన్వర్టరు దిగింది. దాని బ్యాటరీ నిండా సీసమే. అది చచ్చాక రోడ్డు పక్క షెడ్డులో సుత్తితో పగలగొట్టి, ఆసిడ్ కాలవలో పోసి, ప్లేట్లు తీసే కుర్రాళ్ళను చూశాను. చేతులకు తొడుగు లేదు, ముక్కుకు గుడ్డ లేదు. అదే చొక్కాతో ఇంటికి పోయి బిడ్డను ఎత్తుకుంటారు. పాత బ్యాటరీ వెనక్కి తీసుకోవలసింది తయారుచేసిన కంపెనీయే అని 2022 నియమాలు చెబుతున్నాయి. కొత్తది కొన్న కొట్లోనే పాతది ఇచ్చి రండి. తుక్కువాడు వంద ఎక్కువ ఇస్తాడని ఆశపడకండి. ఆ పని చేసే కుర్రాడు మీ ఇంట్లోవాడైతే చొక్కా గుమ్మం బయటే విప్పించండి, స్నానం చేశాకే పిల్లల్ని ముట్టుకోనివ్వండి.

బొమ్మల దగ్గరికి వస్తే మాత్రం నాకు గర్వంగా ఉంటుంది. మనకు ఏటికొప్పాక ఎంత దూరం? వరహా నది ఒడ్డున ఆ ఊళ్ళో తరతరాలుగా అంకుడు కర్రను తరిణి పట్టి లక్క బొమ్మలు చేస్తున్నారు. ఆ పని దగ్గరగా నిలబడి చూశాను. కర్ర గిర్రున తిరుగుతుంటే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. బ్రష్షు లేదు, థిన్నరు లేదు. మా చెల్లెళ్ళు ఆడుకున్న లక్కపిడతలన్నీ అవే. మధ్యలో అక్కడికీ రసాయన రంగులు దూరాయి, చవక కదా. అప్పుడు ఆ ఊరి చింతలపాటి వెంకటపతిరాజు గారు ఎదురు తిరిగారు. పసుపు, నీలి, జాఫ్రా గింజలు, కరక్కాయ, ఇలాంటివాటి నుంచి లక్కలో ఇమిడే రంగులు తీసి, పనివాళ్ళకు నేర్పారు. ఒక్కోరంగు నిలవడానికి ఏళ్ళు పట్టింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. పిల్లవాడు నోట్లో పెట్టుకుంటాడు కాబట్టి బొమ్మకు రంగు ఇలా ఉండాలని పట్టుపట్టిన మనిషి మన జిల్లాలో ఉన్నాడు. మనమేమో అబీద్ సెంటరులో తోపుడుబండి మీద ఏ ఊరిదో తెలియని ప్లాస్టిక్ గిలక్కాయ కొని చేతిలో పెడతాం. 2021 జనవరి 1 నుంచి కంపెనీ బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. ఆ గుర్తు లేని బొమ్మ ఎంత ఏడ్చినా కొనకండి.

ఇన్ని చెప్పినా నమ్మనివాళ్ళకు ఏలూరు గుర్తు చేస్తాను. 2020 డిసెంబరు మొదటి వారం. ఉన్నట్టుండి మనుషులు ఫిట్స్ వచ్చి పడిపోయారు, నోట నురగ. ఆరు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో రక్తం నమూనాలు చూస్తే సీసం, నికెల్ కనపడ్డాయి. తర్వాత వేరే సంస్థల పరీక్షలతో జబ్బుకు కారణం పురుగుమందుల వైపు మళ్ళింది. సరే, కారణం ఏదైనా కానీ, ఆ రక్తంలో సీసం ఎందుకుంది? ఆ వారం రాష్ట్రమంతా సీసం మాటే మాట్లాడింది. సంక్రాంతికి మరిచిపోయింది.

సీసం అలా పడేసి చెప్పే జబ్బు కాదు, అదే దాని మాయ. ఒంట్లో చేరి ఎముకల్లో దాక్కుంటుంది. వడ్డీ వ్యాపారి దగ్గర తాత చేసిన అప్పులాగా ఏళ్ళ తర్వాత బయటికొస్తుంది, ఆడపిల్ల కడుపుతో ఉన్నప్పుడు ఎముకల్లోంచి కరిగి కడుపులో బిడ్డకు చేరుతుంది. పిల్లవాడికి చదువు ఎక్కదు, ఒకచోట కుదురుగా కూర్చోడు, కడుపునొప్పంటాడు, రక్తం తక్కువంటారు. మొద్దు అని మాస్టారు కొడతాడు, ఇంట్లో తండ్రి కొడతాడు. ఆ దెబ్బలన్నీ తలచుకుంటే నాకు నిద్ర పట్టదు. 1990ల చివర్లో బెంగళూరు ప్రొఫెసరు తుప్పిల్ వెంకటేశ్ గారి బృందం హైదరాబాదుతో సహా పెద్ద నగరాల్లో పరీక్షిస్తే, పన్నెండేళ్ళ లోపు పిల్లల్లో సగానికి పైగా డెసిలీటరు రక్తానికి 10 మైక్రోగ్రాములు దాటి ఉంది. పెట్రోలులో సీసం పోయాక తగ్గింది, నిజమే. అయినా 2020లో యునిసెఫ్ లెక్క ప్రకారం మన దేశంలో 27 కోట్లకు పైగా పిల్లలు 5 మైక్రోగ్రాములు దాటి ఉన్నారు. ఇంత ఉంటే పరవాలేదనే హద్దు అసలు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. 5 దాటితే ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికి ఆపమంటుంది.

మా ఊళ్ళో ఇప్పుడు పరీక్షలకు లోటు లేదు. షుగరు, థైరాయిడ్, విటమిన్ డి, ప్యాకేజీలు కట్టి మరీ చేస్తారు. సీసం అంటే ల్యాబు కుర్రాడు నా మొహం చూశాడు. తర్వాత ఎవరికో ఫోను చేసి, రక్తం తీసి నగరానికి పంపుతామన్నాడు. దొరుకుతుంది, అడగాలి. అడిగితేనే దొరుకుతుంది. సామాన్ల మీద రుద్దే పుల్లల కిట్లు అమ్ముతున్నారు, రంగు తిరిగితే సీసం ఉన్నట్టు. తిరక్కపోతే లేదని మాత్రం కాదు. నీళ్ళయితే ల్యాబులో చూపించుకోవాలి. లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదన్నది మన ప్రమాణం. కాచితే సీసం పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పొద్దున్నే మొదటి నీళ్ళు మొక్కలకు పోసి, తర్వాతివి తాగడానికి పట్టుకోండి.

బంగారం కొట్టుకు వెళ్ళండి. గొలుసు ఎన్ని క్యారెట్లో చెప్పే యంత్రం ఉంటుంది. లోపల పెడితే ఎక్స్-రే కిరణాలు పడి ఏ లోహం ఎంతుందో క్షణాల్లో తెర మీద పడుతుంది. రంగులో, గిన్నెలో, పసుపులో సీసాన్ని పట్టే యంత్రం కూడా ఆ జాతిదే, సీసానికి తగ్గట్టు సరిచేసుకోవాలి అంతే. బంగ్లాదేశ్ బజారుకు పట్టుకెళ్ళింది దాన్నే. బంగారానికి చేసే పరీక్ష బిడ్డ తినే పసుపుకు చెయ్యలేమా? పురపాలక సంఘమూ ఆహార భద్రతా విభాగమూ కలిసి నెలకు ఒక్క రోజు చేతిలో పట్టే యంత్రం ఒకటి మన సంతకు తెప్పిస్తే చాలు. అంగన్‌వాడీలో బిడ్డ బరువు చూస్తున్నారు, పొడవు చూస్తున్నారు. ఏడాదికి ఒక్కసారి సీసం కూడా చూడమని అడుగుతున్నాను.

ఒంట్లో ఇనుమూ కాల్షియమూ తక్కువున్న బిడ్డకు సీసం ఎక్కువగా పడుతుంది. ఖాళీ కడుపుకు ఇంకా ఎక్కువ. చోడి అంబలి తాగించండి, మునగాకు వండండి, ఉసిరికాయ పెట్టండి. బిస్కెట్టు పొట్లం చేతిలో పెట్టి పంపేకంటే ఇంత అంబలి పోసి పంపితే బడికి కడుపు నిండి వెళతాడు. తినేముందు సబ్బుతో చేతులు కడిగించండి. మా యజమాని కట్టుబాట్లలో మొదటిది అదే.

ఇది చదివే తల్లులకూ తండ్రులకూ నా మనవి ఒక్కటే. ఇంట్లో ఐదేళ్ళలోపు బిడ్డ ఉన్నా, ఎవరైనా కడుపుతో ఉన్నా, ఈ వారంలోనే ఒకసారి కిటికీల పెచ్చులు చూడండి, పులుసు వండే గిన్నె చూడండి, పసుపు డబ్బా చూడండి. అనుమానం ఉంటే డాక్టరును అడిగి బిడ్డ రక్తంలో సీసం పరీక్ష చేయించండి. వచ్చే పండక్కి రంగులు కొన్నప్పుడు డబ్బా తిప్పి చదవండి. సీసం 90 పి.పి.ఎం. లోపు అని రాసి లేకపోతే ఆ డబ్బాను కొట్లోనే వదిలి రండి.